మందు వేసి చూడటమా, చూస్తూ మందు వేయడమా?

ఈసారి ఎంచుకున్న ఉత్తరాలు నాలుగూ అన్నవాహిక గురించే. లివరు గురించి, మలబద్ధకం గురించి రాసినవాళ్ళు ఒక నెల ఓపిక పట్టాలి.

ప్రశ్న: నాకు 48 ఏళ్ళు. ఏలూరులో కిరాణా కొట్టు. మూడు నెలల కిందట కొట్లో ఉండగా ఛాతీ మధ్యలో పట్టేసినట్టు నొప్పి వచ్చింది. పక్క కొట్టాయన జేబులోంచి సార్బిట్రేట్ తీసి నా నాలుక కింద పెట్టాడు. అయిదు నిమిషాల్లో తగ్గిపోయింది. తర్వాత ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ అన్నీ బాగున్నాయన్నారు. కానీ ఆ మాత్రతో తగ్గిందంటే అది గుండె నొప్పే కదా? డాక్టర్లు పసిగట్టలేదంటారా?

జవాబు: తగ్గినంత మాత్రాన గుండె నొప్పని చెప్పలేమండీ. అలాగని గుండెది కాదని కూడా ఆ మాత్ర చెప్పదు. ఎవరి పక్షానా సాక్ష్యం చెప్పని మాత్ర అది.

గుండె రక్తనాళాల గోడల్లో ఒక రకం కండరం ఉంటుంది. అది మన మాట వినదు, దాని పని అది చేసుకుపోతుంది. అన్నవాహిక కింది భాగంలో ఉన్నదీ అదే రకం. సార్బిట్రేట్ ఈ రెండింటినీ వదులు చేస్తుంది. పైగా ఈ రెండూ ఛాతీలో పక్కపక్కనే కాపురం. నొప్పి కబురు మోసే నరాల దారులూ కలిసే ఉంటాయి. అందుకే అన్నవాహిక బిగుసుకుపోయినవాళ్ళు కూడా గుండె పట్టుకునే వస్తారు. అమెరికాలో ఛాతీ నొప్పితో వచ్చి ఇలాంటి మాత్రే, నైట్రోగ్లిజరిన్, వేసుకున్న 459 మందిని గమనించి 2003లో లెక్క చెప్పారు. గుండె రక్తనాళాల జబ్బే కారణమని తేలినవాళ్ళలో 35 శాతం మందికి నొప్పి తగ్గింది. ఆ జబ్బు లేదని తేలినవాళ్ళలో 41 శాతం మందికి తగ్గింది. ఇక ఆ మాత్ర మాట ఏం నమ్ముతాం?

మళ్ళీ నొప్పి వస్తే ముందు ఈసీజీ, ఆ తర్వాతే అన్నవాహిక. ఈ వరస తప్పకండి. చల్లటి నీళ్ళు తాగినప్పుడో, అన్నం గబగబా తిన్నప్పుడో వస్తోందేమో ఒక కాగితం మీద రాసిపెట్టుకుని వెళ్ళండి, డాక్టరుకి అది చాలా పనికొస్తుంది. పక్క కొట్టాయన మాత్ర పక్క కొట్టాయన జేబులోనే ఉండనివ్వండి. బీపీ తక్కువున్న మనిషి అది వేసుకుని నిలబడితే కళ్ళు తిరిగి పడిపోవచ్చు.

ప్రశ్న: మాది తెనాలి. ఇప్పుడు అమెరికాలో, మిల్వాకీలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాం. మా వారికి 63 ఏళ్ళు, ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు. అయిదు నెలలుగా ముద్ద దిగడం లేదు. మొదట్లో చపాతీ అడ్డం పడేది, ఇప్పుడు ఇడ్లీ కూడా. ప్రతి ముద్దకీ ఒక గుక్క నీళ్ళు తాగి, లేచి నిలబడి భుజాలు వెనక్కి విరిస్తే గానీ కిందికి పోదు. నాలుగు కిలోలు తగ్గారు. గ్యాస్ మాత్రలు రెండు నెలలు వాడాం, లాభం లేదు. ఎండోస్కోపీలో ఏమీ లేదన్నారు. ముక్కులోంచి గొట్టం వేసి లోపలి ఒత్తిడి కొలిచే మానోమెట్రీ చేసి, చివర వాల్వు దగ్గర అడ్డు ఉంది, అలలు మాత్రం వస్తున్నాయి, ఐఆర్‌పీ 24 అని రాశారు. ఒక డాక్టరు బొటాక్స్ వేసి చూద్దాం అన్నారు. ఇంకో డాక్టరు మళ్ళీ గొట్టం వేసి, ఒక మందు వాసన చూపించి, మరో మందు నరంలోకి ఎక్కించి పరీక్ష చేస్తామంటున్నారు. ఈయన మీద ప్రయోగాలు చేస్తున్నారేమోనని నాకు ఒకటే టెన్షన్. ఏం చెయ్యమంటారు?

జవాబు: ప్రయోగం కాదమ్మా. విచిత్రమేమిటంటే మీరున్న ఊరే ఈ పరీక్షకు పుట్టిల్లు లాంటిది. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు మీ వారి గొంతు కింద ఏం జరుగుతోందో చెప్పుకుందాం.

అన్నవాహిక సుమారు 25 సెంటీమీటర్ల గొట్టం. దాని చివర, కడుపులోకి తెరుచుకునే చోట, ఎప్పుడూ బిగించి ఉండే కండరం ఒకటి కట్టులా ఉంటుంది. వాడుకలో వాల్వు అంటున్నాం కాబట్టి అదే అందాం. దాన్ని గేటు అనుకోండి. మనం మింగగానే నరాల నుంచి కబురు వెళ్తుంది, వాచ్‌మన్ గడియ తీస్తాడు, పైనుంచి అల ముద్దను తోసుకొస్తుంది, ముద్ద కడుపులో పడుతుంది. ఆ వాచ్‌మన్ పేరు నైట్రిక్ ఆక్సైడ్. అన్నవాహిక గోడలోని నరాల కణాలు దాన్ని వదులుతాయి. ఆ కణాలు నశించిపోయే జబ్బుని అకలేషియా అంటారు. ఏడాదికి లక్ష మందిలో ఒకరికి వచ్చే జబ్బు.

మీ రిపోర్టులో ఐఆర్‌పీ అంటే మింగినప్పుడు గేటు ఎంత వదులైందో చెప్పే అంకె. ఎక్కువగా వాడే ఒక రకం యంత్రంలో పడుకుని మింగితే 15 లోపు ఉండాలి. 24 ఉందంటే గేటు సరిగా తెరుచుకోవడం లేదు. కానీ అలలు వస్తున్నాయి, పూర్తి అకలేషియాలో అవి రావు. అంటే మీ వారిది అటూ ఇటూ కాని రిపోర్టు. ఇలాంటి రిపోర్టు వచ్చినవాళ్ళలో కొందరిది మొదలవుతున్న అకలేషియా. కొందరికి అక్కడ నిజంగానే ఏదో అడ్డు ఉంటుంది, మచ్చ కట్టో, హెర్నియానో, అరుదుగా గడ్డో. చాలామందికి ఏ వైద్యమూ లేకుండానే సర్దుకుంటుంది. గొట్టం వేసి చూస్తే ముగ్గురూ ఒకేలా కనిపిస్తారు. వాచ్‌మన్ లేక గేటు తెరుచుకోలేదా, గేటే తుప్పు పట్టి బిగుసుకుందా అన్నది ఆ అంకె చెప్పదు.

అందుకే వాసన మందు. దాని పేరు అమైల్ నైట్రైట్. పీల్చగానే ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్ పని చేస్తుంది. నరంతో పని లేదు, నేరుగా కండరం దగ్గరికే వెళ్తుంది. వాచ్‌మన్ లేడని గోడ దూకి మనమే గడియ తీసినట్టు. మింగితే తెరుచుకోని గేటు దీంతో బార్లా తెరుచుకుందా, కండరం బాగానే ఉంది, కబురు అందడం లేదన్నమాట. దీంతో కూడా కదల్లేదా, అక్కడ వేరే ఏదో పట్టుకుని ఉంది, వెతకాలి.

నరంలోకి ఎక్కించే రెండో మందు కోలిసిస్టోకైనిన్ అనే హార్మోను. గాల్‌బ్లాడర్ స్కాన్‌లో వాడేదే. నెయ్యి, నూనె తిన్నప్పుడు మన పేగు దాన్ని తనంతట తానే వదులుతుంది. దానిది రెండు నాలుకల వ్యవహారం. నరంతో వదులు చెయ్యమంటుంది, కండరంతో బిగించమంటుంది. మామూలు మనిషిలో నరం మాటే చెల్లి గేటు తెరుచుకుంటుంది. అకలేషియాలో నరం లేదు కాబట్టి రెండో మాటే మిగిలి, గేటు ఇంకా బిగుసుకుంటుంది. ఈ తలకిందుల వ్యవహారాన్ని 1981లో బయటపెట్టింది మీ మిల్వాకీలోని వైలీ డాడ్స్ బృందమే. ఎక్స్‌రేలో తెల్లగా కనిపించే బేరియం ద్రవం తాగించి అమైల్ నైట్రైట్ పీల్పించే పరీక్ష గురించి 1986లో రాసిందీ వాళ్ళే. అసలు అకలేషియాలో గేటు రెండు మిల్లీమీటర్లో అంతకన్నా ఎక్కువో విచ్చుకుంది, గడ్డ వల్ల అకలేషియాలా కనిపించినవాళ్ళలో దాదాపు కదల్లేదు.

ఆ వ్యాసం మా చేతికి వచ్చేసరికి నేను పీజీ చేస్తున్నాను. మా ప్రొఫెసరుగారు గుండె విభాగం నుంచి ఆ మందు గుళికలు అడిగి తెప్పించారు. అప్పట్లో స్టెతస్కోపుతో గుండె చప్పుళ్ళ తేడా పట్టడానికి వాళ్ళు దాన్ని వాడేవారు. గుడ్డ చుట్టిన చిన్న గాజు గుళిక. వేళ్ళ మధ్య నొక్కితే టిక్ మంటుంది, పండు కుళ్ళిన వాసనకు తడి మేజోళ్ళ వాసన కలిపితే ఎలా ఉంటుందో అలా గదంతా నిండిపోతుంది. బేరియం తాగి తెర వెనక నిలబడిన పెద్దాయన నాలుగు సార్లు గట్టిగా పీల్చాడు. మొహం మందారంలా ఎర్రబడింది. తెర మీద అన్నవాహిక నిండా తెల్లటి బేరియం, కింద పిట్ట ముక్కులా సన్నబడి ఆగిపోయి ఉంది. మేం చూస్తూ ఉండగానే ఆ ముక్కు విచ్చుకుని, చెంబు వంచినట్టు మొత్తం కడుపులోకి జారిపోయింది. అరనిమిషం పట్టిందేమో. ఆయన మాత్రం తల దిమ్ముగా ఉందని కుర్చీ అడిగాడు.

ఇంతా చూసినవాణ్ణి, తర్వాత నేనే తప్పు చేశాను. గుంటూరులో ప్రాక్టీసు పెట్టిన కొత్తలో పొన్నూరు వైపు నుంచి ఒక తమలపాకు రైతు వచ్చాడు. 66 ఏళ్ళు. ముద్ద దిగదు, మజ్జిగ మాత్రం దిగుతుంది. బేరియంలో అదే పిట్ట ముక్కు. అకలేషియా అని రాసి, అన్నానికి ముందు నాలుక కింద సార్బిట్రేట్ పెట్టుకోమన్నాను. రెండు వారాల తర్వాత వచ్చి, కాస్త నయంగా ఉంది డాక్టరుగారూ అన్నాడు. నేనూ సంబరపడ్డాను. కొత్త డాక్టరు ఇచ్చిన కొత్త మందు మీద నమ్మకంతో మనిషి నాలుగు ముద్దలు ఎక్కువే తింటాడని అప్పటికి నాకు తెలియదు. ఆరు వారాలకి మళ్ళీ వచ్చి, చొక్కా ఎత్తి మొలతాడు చూపించాడు. రెండు వేళ్ళు దూరేంత వదులు. అప్పుడు ఎండోస్కోపీ చేస్తే కడుపు మొదట్లో గడ్డ. ఆలస్యమైపోయింది. గుళికలు నా బీరువాలోనే ఉన్నాయి, వాటిని తియ్యాలన్న ఆలోచనే రాలేదు నాకు.

నేను చేసింది మందు వేసి చూడటం. మీకు రెండో డాక్టరు చెబుతున్నది చూస్తూ మందు వేయడం. గొట్టం లోపల ఉండి గేటు దగ్గర ఒత్తిడిని చూపిస్తుంటే అప్పుడు మందు ఇస్తారు, కాబట్టి తగ్గిందా లేదా అని మనిషిని అడగక్కర్లేదు. బొటాక్స్ వేసి చూద్దాం అన్న మొదటి డాక్టరుది కూడా తప్పు మాట కాదు. పంకజ్ పస్రిచా, ఆయన తోటివాళ్ళు 1995లో అకలేషియాకు బొటాక్స్, అంటే కండరాన్ని వదులు చేసే సూది మందు, పనిచేస్తుందని చూపించారు. ఆపరేషన్‌కి తట్టుకోలేని పెద్దవాళ్ళకు నేనూ వేయించాను. కానీ ఆరు నెలలో ఏడాదో గడిస్తే దాని ప్రభావం పోతుంది. బాగున్న ఆ నెలల్లో లోపల ఏదైనా పెరుగుతుంటే ఎవరూ చూడరు. నాలుగు కిలోలు తగ్గిన 63 ఏళ్ళ మనిషికి ముందు కారణం తెలియాలి, బొటాక్స్ ఆ తర్వాత ఎప్పుడైనా వేసుకోవచ్చు.

మందిచ్చి పరీక్షించడం కొత్తదేమీ కాదు. 1951లో బోస్టన్‌లో క్రామర్, ఇంగెల్‌ఫింగర్ అనే ఇద్దరు మెకోలిల్ అనే సూది వేసి చూశారు. నరం పోయిన కండరం చిన్న మందుకే పెద్దగా గింజుకుంటుందన్న సూత్రం మీద. పనిచేసింది గానీ రోగి ఛాతీ పట్టుకుని విలవిల్లాడేవాడు, అట్రోపిన్ ఇచ్చి శాంతింపజేయాల్సి వచ్చేది. పైగా అకలేషియా కాని ఇతర బిగింపు జబ్బుల్లోనూ అలాగే గింజుకునేది. అది మూలపడింది, మంచిదే అయింది. ఆ ఇంగెల్‌ఫింగర్‌కే, జీవితమంతా అన్నవాహిక మీద పనిచేసిన మనిషికే, చివర్లో అన్నవాహిక కడుపు కలిసే చోట క్యాన్సరు వచ్చింది. తలా ఒక సలహా ఇస్తుంటే ఆయనకే దిక్కు తోచలేదట. నీకు కావలసింది ఒక డాక్టరు అని ఒక స్నేహితుడు చెప్పాకే మనసు కుదుటపడిందని ఆయనే రాసుకున్నారు. ఇద్దరు డాక్టర్ల మధ్య మీరు నలిగిపోతున్నారని చదవగానే నాకు ఆయనే గుర్తొచ్చారు. వాళ్ళిద్దర్లో ఒకరిని పట్టుకుని, ఆయన మాట మీదే నడవండి.

ఇక పరీక్ష రోజు సంగతి. గొట్టం ఆయనకు అలవాటైందే. సెంటీమీటరుకొకటి చొప్పున 36 సెన్సర్లు ఉంటాయి సాధారణంగా. అయిదు మిల్లీలీటర్ల గుక్కలు పది మింగిస్తారు, కూర్చోబెట్టి ఇంకొన్ని, 200 మిల్లీలీటర్ల నీళ్ళు గటగటా ఒకసారి. ఆ తర్వాత గుళిక. మొహం వేడెక్కుతుంది, గుండె దడదడలాడుతుంది, తలలో పోటు. ఇదంతా కొద్ది నిమిషాలే. నరంలో మందుకి కడుపులో మెలిపెట్టినట్టు, వికారంగా ఉండొచ్చు. బీపీ, నాడి చూస్తూనే ఉంటారు. ఆయన బీపీకి ఏ మాత్ర వాడుతున్నారో ముందే చెప్పండి. ఆమ్లోడిపిన్ జాతివైతే అవే గేటును కొంత వదులు చేస్తాయి, రిపోర్టు తారుమారవుతుంది. ఇంకొకటి, మొహమాటపడి దాచకూడనిది. సిల్డినాఫిల్ లాంటి మగతనం మాత్రలు వేసుకునేవాళ్ళు అమైల్ నైట్రైట్ పీలిస్తే బీపీ పాతాళానికి పడిపోతుంది. ఇది మీరు అడగలేకపోతే ఈ పేజీ ఆయన ముందు పెట్టి వంటింట్లోకి వెళ్ళండి.

ఈ మందుల పరీక్ష అందరికీ తప్పనిసరి అని మాత్రం అనుకోకండి. ఈ జబ్బుల వర్గీకరణకు ప్రపంచమంతా వాడే చికాగో పద్ధతిలో, 2021లో వచ్చిన నాలుగో కూర్పు ప్రకారం ఇది అదనపు పరీక్షే. బేరియం తాగించి ఒక నిమిషానికి, రెండు నిమిషాలకి, అయిదు నిమిషాలకి ఫోటోలు తీసే పరీక్ష ఒకటుంది. లోపల బెలూను ఊది గేటు ఎంత సాగుతుందో కొలిచే ఫ్లిప్ ఇంకొకటి. ఇలాంటి అటూ ఇటూ కాని రిపోర్టు దగ్గర వీటిలో ఒకటైనా సాక్ష్యం చెబితేనే వైద్యం మొదలుపెట్టమంటుంది ఆ పద్ధతి. మీ డాక్టరుని ఒకే ఒక్క ప్రశ్న అడగండి, గేటు తెరుచుకోకపోతే తర్వాత ఏం చేస్తారు అని. సీటీ స్కాన్, లోపల్నుంచి చేసే అల్ట్రాసౌండ్ అని చెబితే ఆయన సరైన దారిలోనే ఉన్నారు. తెరుచుకుని, అకలేషియా అని ఖాయమైతే గేటును సాగదీసే బెలూను వైద్యం ఉంది, ఆ కండరాన్ని కోసి వదులు చేసే ఆపరేషన్, 1913లో హెల్లర్ మొదలుపెట్టినది, ఉంది, అదే పని నోట్లోంచి ఎండోస్కోపు వేసి లోపల్నుంచే చేసే పోయెం, 2008లో జపాన్‌లో ఇనోవే మొదలుపెట్టినది, ఉంది. ఇవి హైదరాబాదులో కూడా చేస్తున్నారు, కాబట్టి అది ఎక్కడ చేయించుకోవాలన్నది తర్వాత తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.

ప్రశ్న: మా అమ్మకు 58. కరీంనగర్. మోకాళ్ళ నొప్పులకు రెండేళ్ళుగా మాత్రలు వాడుతోంది. ఈ మధ్య ముద్ద అడ్డం పడటం, ఛాతీ నొప్పి. మానోమెట్రీలో మూడో రకం అకలేషియా అని వచ్చింది, పోయెం చేయించుకోమన్నారు. ఎండోస్కోపీలో ఏమీ లేదు. చేయించమంటారా?

జవాబు: బాబూ, మీరు ఉత్తరంతో పాటు పంపిన మాత్రల అట్ట ఫోటో చూశాను. అందులో పారాసిటమాల్‌తో పాటు ట్రమడాల్ ఉంది. రోజుకు మూడు అని వెనక పెన్నుతో రాసి ఉంది. పోయెం తేదీ ఖాయం చేసుకునే ముందు ఆ అట్టను డాక్టరు బల్ల మీద పెట్టండి.

ట్రమడాల్ నల్లమందు కుటుంబానికి చెందినది. 2018లో దాన్ని మన మత్తుమందుల చట్టం కిందికి కూడా తెచ్చారు. కానీ వాడే అమ్మలకు అది మోకాళ్ళ మాత్ర, అంతే. ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని అడిగితే బీపీ, షుగరు చెబుతారు గానీ దీన్ని లెక్కలోకే తీసుకోరు. ఈ జాతి మందులు పైన చెప్పానే వాచ్‌మన్, వాడి నోరు నొక్కేస్తాయి. గేటు తెరుచుకోదు, అన్నవాహిక ముడుచుకుంటూ ఉంటుంది. గొట్టం వేసి చూస్తే అచ్చం మూడో రకం అకలేషియాలాగే కనిపించవచ్చు. ఇలాంటి మందులు ఎప్పటినుంచో వాడుతున్న 121 మందిని మేయో క్లినిక్ వాళ్ళు పరిశీలించి 2015లో రాశారు. మందు మానకుండా మానోమెట్రీ చేయించుకున్నవాళ్ళలో 27 శాతం మందికి గేటు దగ్గర అడ్డు కనిపించింది. కనీసం ఒక రోజు మానినవాళ్ళలో 7 శాతం మందికే.

అంటే మీ అమ్మకు చెయ్యాల్సిన మందు పరీక్ష కొత్త మందు ఇవ్వడం కాదు, ఉన్నది తీసి చూడటం. వీలైతే ఆ మందు ఆపి మళ్ళీ మానోమెట్రీ చేయమని అడగండి. అకలేషియా అలాగే ఉంటే పోయెం చేయించండి, ఆ రకానికి అది మంచి వైద్యమే. మీరే అట్ట తీసి చెత్తబుట్టలో వెయ్యకండి. రెండేళ్ళు వాడిన ట్రమడాల్ ఒక్కసారి ఆపితే ఒళ్ళు నొప్పులు, చెమటలు, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. ఎముకల డాక్టరు దశలవారీగా తగ్గించి, మోకాళ్ళకు వేరే దారి చూపించాలి. అమ్మకు చెప్పేటప్పుడు మత్తుమందు అనకండి, ఆవిడ బాధపడతారు. గొంతుకు పడని మాత్ర అనండి చాలు.

ప్రశ్న: నిన్న బేరియం పరీక్ష చేశారు. ఇవాళ విరేచనం సున్నంలా తెల్లగా అయింది. కామెర్లా? (రాజమండ్రి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: బేరియమే. రెండు మూడు రోజులు అలాగే అవుతుంది. నీళ్ళు బాగా తాగండి, లేకపోతే లోపల గట్టిపడి మిమ్మల్ని ఇబ్బంది పెడుతుంది. నాలుగో రోజుకీ తెల్లగానే ఉంటేనో, కళ్ళు పచ్చబడితేనో నాకు ఉత్తరం రాస్తూ కూర్చోకండి, తిన్నగా ఆస్పత్రికి వెళ్ళండి.